షికాగో నగర మండలికి: గోడలు కాపాడారు, రాత్రిని కూడా తిరిగివ్వండి

షికాగో సిటీ కౌన్సిల్ సభ్యులకు,

నమస్కారం.

ఈ ఉత్తరం ఇంగ్లీషు ప్రతిని మా వార్డు ప్రతినిధి ఆఫీసుకు విడిగా పంపుతున్నాను. అందరూ చదివేలా తెలుగులో రాయడానికి ఒక కారణం ఉంది. సౌత్ జెఫర్సన్ స్ట్రీట్ చుట్టుపక్కల లేచిన కొత్త అపార్ట్‌మెంట్లలో మా తెలుగువాళ్లు చాలామంది ఉంటున్నారు. రోజూ ఆఫీసుకు పోతూ 206 నంబరు బిల్డింగ్ ముందు నుంచే నడుస్తారు. హౌస్ అనే డాన్స్ సంగీతం పుట్టిన ది వేర్‌హౌస్ క్లబ్ నడిచింది అందులోనే. అక్కడ ఏం జరిగిందో వాళ్లలో ఎక్కువమందికి తెలియదు. వాళ్లలో ఓటున్నవాళ్లూ ఉన్నారు. మీతో పాటు వాళ్లు కూడా ఈ మాట వినాలని నా కోరిక.

ముందు మీకు ధన్యవాదాలు చెప్పాలి. 2023 జూన్ 21న మీరు ఆ మూడంతస్తుల కట్టడానికి ల్యాండ్‌మార్క్ హోదా ఇచ్చారు. ఆ ఏడాది మొదట్లో ప్రిజర్వేషన్ షికాగో సంస్థ దాన్ని ముప్పులో ఉన్న ఏడు కట్టడాల జాబితాలో చేర్చినప్పటి నుంచి మాలాంటి వాళ్లకి నిద్ర లేదు. చుట్టూ టవర్లు లేస్తున్నాయి, జాగా రేటు చూస్తే కళ్లు తిరుగుతున్నాయి, ఎవరో ఒకరు కొని పడగొట్టేస్తారనే అనుకున్నాం. న్యూయార్క్‌లో ప్యారడైజ్ గరాజ్ క్లబ్ నడిచిన 84 కింగ్ స్ట్రీట్ కట్టడం 2018లో నేలమట్టమైంది. మాంచెస్టర్‌లో హసియెండా క్లబ్‌ను కూల్చి, అదే పేరు పెట్టి ఫ్లాట్లు అమ్ముకున్నారు. ఇక్కడ ఆ గతి పట్టకుండా మీరు అడ్డుపడ్డారు.

అయితే ల్యాండ్‌మార్క్ హోదా కాపాడేది కట్టడం బయటి రూపాన్నే. ఆ గోడల మధ్య హౌస్ మ్యూజిక్ పుట్టిందంటే అందుకు మూడు వీలు కల్పించాయి: తెల్లారినా ఆగని రాత్రి, మందు అమ్మని హాలు, పద్దెనిమిదేళ్ల పిల్లలు కూడా లోపలికి రాగలిగే తలుపు. ఆ మూడింటినీ 1987లో ఈ కౌన్సిలే మూసేసింది. వాటిని మళ్లీ తెరవమని అడగడానికే ఈ ఉత్తరం.

కథ మీకు తెలిసే ఉంటుంది, అయినా మా వాళ్ల కోసం చెబుతాను. న్యూయార్క్ నుంచి వచ్చిన రాబర్ట్ విలియమ్స్ 1977లో ఆ పాత ఫ్యాక్టరీ కట్టడంలో ది వేర్‌హౌస్ నడపడం మొదలుపెట్టారు. డీజేగా వచ్చి రికార్డులు వేయమని మొదట ల్యారీ లెవాన్‌ను అడిగితే ఆయన న్యూయార్క్ వదలనన్నారు. లెవాన్ స్నేహితుడు ఫ్రాంకీ నకల్స్ వస్తానన్నారు. అప్పటికి ఆయన వయసు 22. శనివారం రాత్రి మొదలైన డాన్స్ ఆదివారం మధ్యాహ్నం దాకా నడిచేది. బార్ లేదు. జ్యూసు, నీళ్లు ఇచ్చేవారు. వచ్చేవాళ్లలో ఎక్కువమంది నల్లజాతి, లాటినో యువకులు, అందులోనూ గే కుర్రాళ్లు. నార్త్ సైడ్ బార్ల దగ్గర నల్లవాళ్లను రెండు మూడు ఐడీ కార్డులు అడిగి వెనక్కి పంపేసే రోజులవి. వేర్‌హౌస్‌లో వాళ్లను ఎవరూ అలా ఆపలేదు. ఊళ్లోని రికార్డుల షాపులో 'వేర్‌హౌస్‌లో వినిపించేవి' అని బోర్డు పెట్టి అమ్మేవారు. ఆ మాటే చివరికి హౌస్ అయి కూర్చుంది.

1979 జూలై 12న కొమిస్కీ పార్క్ బేస్‌బాల్ స్టేడియంలో ఏం జరిగిందో ఈ నగరం మర్చిపోకూడదు. డిస్కో అంటే గిట్టని ఒక రేడియో జాకీ పిలుపు మీద డిస్కో రికార్డులు పట్టుకొచ్చినవాళ్లకు 98 సెంట్లకే బేస్‌బాల్ టికెట్ ఇచ్చారు. రెండు ఆటల మధ్య విరామంలో ఆ రికార్డుల పెట్టెను మైదానం మధ్యలో పేల్చేశారు. వేలమంది జనం మైదానంలోకి దూకారు. వైట్ సాక్స్ జట్టు రెండో ఆట ఆడకుండానే ఓడినట్టు లెక్క. ఆ రోజు అక్కడ పనిచేసిన టీనేజర్ విన్స్ లారెన్స్, వచ్చిన రికార్డుల్లో చాలావి డిస్కోవే కావని, నల్లజాతి కళాకారుల పాటలు ఏవి దొరికితే అవి తెచ్చారని తర్వాత ఎన్నోసార్లు చెప్పారు. ఐదేళ్లు తిరిగేసరికి, 1984లో, అదే విన్స్ లారెన్స్ తన మిత్రుడు జెస్సీ సాండర్స్‌తో కలిసి మొట్టమొదటి హౌస్ రికార్డుగా చాలామంది లెక్కించే డిస్క్ తెచ్చారు. హౌస్ అంటే డిస్కో తీర్చుకున్న పగ అని నకల్స్ అనేవారు.

పగ అన్నారు గానీ, వినేవాళ్లకు అందులో కోపం వినిపించదు. కంపెనీలు డిస్కో పాటలు తగ్గించేశాక నకల్స్‌కు కొత్త సరుకు దొరకడం కష్టమైంది. ఉన్న పాటల్నే టేపు మీదకు ఎక్కించి, ముక్కలుగా కోసి, అతికించి, డాన్స్‌కు ఊపునిచ్చే చోట పొడిగించారు. మూడు నిమిషాల పాట పది నిమిషాలయ్యేది. తర్వాత డ్రమ్ మెషిన్లు వచ్చాయి. డెట్రాయిట్ నుంచి డెరిక్ మే అనే సంగీతకారుడు ఒక రోలాండ్ టీఆర్-909 డ్రమ్ మెషిన్ తెచ్చి ఆయనకు అమ్మారు. ఈ సంగీతంలో ప్రతి దరువు మీదా పెద్ద డ్రమ్ పడుతుంది, నిమిషానికి సుమారు 120 చొప్పున. రెండో దరువుకీ నాలుగో దరువుకీ చప్పట్లు. దరువుకూ దరువుకూ మధ్య సన్నగా తాళం. దాని మీద పియానో, చర్చిలో పాడి పెరిగిన గొంతు. రాయలసీమలో చెక్కభజన చూసినవాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు: గురువు ఒకే అడుగును గంటసేపు వేయిస్తాడు, చెక్కల మోత కొంచెం కొంచెంగా బిగుస్తుంది, చూసేవాళ్లకు తెలియకుండానే కాళ్లు కదులుతాయి. అది పది నిమిషాల్లో జరిగే పని కాదు. నకల్స్ చేతిలోనూ అది పది నిమిషాల్లో జరగలేదు.

రాత్రి నిడివి ఎందుకంత ముఖ్యమో చెప్పడానికి నా దగ్గర దీనికంటే గట్టి సాక్ష్యం ఒకటుంది. 1982 చివర్లో నకల్స్ వేర్‌హౌస్ వదిలి సొంతంగా పవర్ ప్లాంట్ అనే క్లబ్ పెట్టుకున్నారు. విలియమ్స్ మ్యూజిక్ బాక్స్ అనే కొత్త క్లబ్ తెరిచి రాన్ హార్డీని డీజేగా కూర్చోబెట్టారు. షికాగో కుర్రాళ్లు ముగ్గురు, డీజే పియెర్, స్పాంకీ, హెర్బ్ జె, సెకండ్ హ్యాండ్‌లో కొన్న రోలాండ్ టీబీ-303 బేస్ మెషిన్ బటన్లు ఎటుపడితే అటు తిప్పుతూ ఒక వింత చప్పుడు రాబట్టారు. గొంతు లేదు, పల్లవి లేదు, కీచుమంటూ సాగే బేస్ ఒక్కటే. టేపు తీసుకెళ్లి హార్డీకి ఇచ్చారు. ఆయన మొదటిసారి వేస్తే హాలు ఖాళీ అయింది. ఆపలేదు. కాసేపాగి మళ్లీ వేశారు. మళ్లీ వేశారు. నాలుగోసారి వేసేసరికి జనం వెర్రెత్తిపోయారని ఆ కుర్రాళ్లు తర్వాత చెప్పారు. ఆ టేపే 1987లో డిస్క్‌గా వచ్చి, ఇంగ్లండ్‌లో ఒక తరం యువతను ఊపేసిన యాసిడ్ హౌస్ అనే కొత్త బాణీకి బీజం వేసింది.

ఒక్క రాత్రిలో నాలుగుసార్లు! మూడింటికి తలుపులు మూసే క్లబ్‌లో ఏ డీజే అయినా జనం వదిలి వెళ్లిపోయిన పాటను రెండోసారి వేసే ధైర్యం చేస్తాడా? మద్యం అమ్మి అద్దె కట్టుకునే యజమాని దానికి ఒప్పుకుంటాడా? ఆ నిదానం, ఆ ఓర్పు పొద్దెక్కేదాకా సాగే రాత్రి ఇచ్చినవే.

ఇదే విషయం మా దేశం వైపు నుంచి చూస్తే ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. 1982లో బొంబాయిలో చరణ్‌జిత్ సింగ్ అనే సినిమా వాద్యకారుడు అదే టీబీ-303, టీఆర్-808 డ్రమ్ మెషిన్, జూపిటర్-8 సింథసైజర్ ముందు పెట్టుకుని పది రాగాలను డిస్కో దరువు మీద వాయించి ఎల్పీ చేశారు. వింటే యాసిడ్ హౌస్ లాగే ఉంటుంది, షికాగో డిస్క్ కంటే ఐదేళ్ల ముందు. ఎవరూ పట్టించుకోలేదు. 2010లో మళ్లీ విడుదలయ్యాక గానీ ప్రపంచానికి ఆయన పేరు తెలియలేదు. అప్పటికి ఆయనది తాతల వయసు. ఆ మెషిన్లే, అంతకు మించిన విద్వత్తే. ఆయనకు కరువైంది హాలు, ఆ హాల్లో తెల్లారేదాకా ఆడే జనం. ఈ సంగతి తలుచుకున్నప్పుడల్లా నాకు మనసు పిండేసినట్టుంటుంది. 2015లో ఆయన పోయారు.

మీ కౌన్సిల్ 1987లో చేసిన ఆర్డినెన్స్ సంగతి ఇప్పుడు చెప్పాలి. మద్యం అమ్మని జ్యూస్ బార్లు కూడా మద్యం అమ్మే బార్లు మూసే వేళకే మూసెయ్యాలన్నారు. మద్యం లేదు కాబట్టే అవి పొద్దున దాకా నడవగలిగేవి, మైనర్లనూ రానివ్వగలిగేవి. ఆ ఒక్క తేడా చెరిపేశాక వాటికి బతుకుతెరువు పోయింది. మ్యూజిక్ బాక్స్ ఆ ఏడాదే మూతపడింది. విచిత్రం చూడండి, ఆ జనవరిలోనే షికాగో కుర్రాడు స్టీవ్ 'సిల్క్' హర్లీ పాట బ్రిటన్ చార్టుల్లో మొదటి స్థానంలో ఉంది. లండన్, మాంచెస్టర్ వాళ్లు మన పిల్లల్ని విమానం టికెట్లు పంపి పిలిపించుకుంటున్న ఏడాది, వాళ్లు ఎక్కడ నేర్చుకున్నారో ఆ హాళ్లకు ఇక్కడ తాళాలు పడ్డాయి. 2000లో రేవ్ పార్టీల మీద ఇంకో ఆర్డినెన్స్ వచ్చింది, భారీ జరిమానాలతో. 2016లో షికాగో ఉన్న కుక్ కౌంటీ ప్రభుత్వం వాళ్లు డీజే వాయించేది కళ కిందికి వస్తుందా రాదా అని పన్ను కోసం వాదించారు. అది మీ కౌన్సిల్ పని కాదు, తర్వాత సర్దుకున్నారు కూడా. కానీ ఆ ప్రశ్న ఈ నగరంలో తలెత్తడమే నాకు బాధనిపించింది.

నేను వేర్‌హౌస్ చూడలేదు. మాస్టర్స్ చేయడానికి తొంభైల్లో వచ్చాను. ల్యాబ్‌లో నాతో పనిచేసే సౌత్ సైడ్ అమ్మాయి ఒక శనివారం క్లార్క్ స్ట్రీట్ మీద మెట్రో హాలు కింద నేలమాళిగలో ఉన్న స్మార్ట్‌బార్‌కి తీసుకెళ్లింది. అప్పటిదాకా నాకు పాటంటే కూర్చుని వినేది. అక్కడ దరువు చెవికంటే ముందు రొమ్ము ఎముకకు తగిలింది. ఒక పాట అయిపోయి ఇంకోటి ఎప్పుడు మొదలైందో పట్టుకోలేకపోయాను. కింది పాటలోంచి కొత్త పాట తాళం మాత్రం ముందు పైకి తేలుతుంది, తర్వాత బేస్ మారుతుంది, పాత గొంతు ఇంకా వినిపిస్తూనే ఉంటుంది, ఎవరో కేకేస్తారు, అప్పుడు తెలుస్తుంది మారిపోయిందని. ఎవరూ ఎవరివైపూ చూడరు. నీ డ్రెస్సేంటి, నీ యాసేంటి, నువ్వు ఎక్కడి నుంచి అని అడిగినవాళ్లు లేరు. పరాయి దేశంలో మొదటి చలికాలం, ఫీజుల టెన్షన్, ఇంటి మీద బెంగ, అన్నీ ఉన్న మనిషికి అది ఎంత ఊరటో మాటల్లో పెట్టలేను.

తర్వాత ఆదివారాలు గ్రామఫోన్ రికార్డ్స్ అనే షాపులో గడిచేవి. ఇక్కడి హౌస్ పాటలు డిస్కులుగా తెచ్చిన ట్రాక్స్ కంపెనీ పాత పన్నెండంగుళాల డిస్కులు చేతిలో పట్టుకుని లైటు కింద వాలిస్తే వెడల్పాటి గాడులు మెరుస్తాయి, మధ్యలో అక్కడక్కడ చిన్న చిన్న పొక్కులు కనిపిస్తాయి. అమ్ముడుపోని పాత రికార్డులు కరిగించి, లేబుల్ కాగితాలు కూడా సరిగా తీయకుండా మళ్లీ అచ్చేసేవారని చెబుతారు. సూది పెట్టగానే నూనెలో ఆవాలు వేసిన చప్పుడు. ఆ చిటపటల వెనక నుంచి లోకాన్ని మార్చిన డ్రమ్ము. వాటిని చేసిన కుర్రాళ్లలో చాలామందికి రాయల్టీ సరిగా అందలేదు. వాళ్లలో ఇద్దరు, ల్యారీ హర్డ్, రాబర్ట్ ఓవెన్స్, కోర్టుకెళ్లి తమ పాటల హక్కులు తిరిగి దక్కించుకునేసరికి 2022 వచ్చింది.

ఈ నగరం హౌస్‌కు గౌరవం ఇవ్వలేదని నేను అనను. 2004లో జెఫర్సన్ స్ట్రీట్ ముక్కకు ఫ్రాంకీ నకల్స్ పేరు పెట్టారు. ఆయన 2014లో పోయాక ఆయన రికార్డులు స్టోనీ ఐలండ్ ఆర్ట్స్ బ్యాంక్‌లో భద్రంగా ఉన్నాయి. 1923 నాటి ఆ పాడుబడ్డ బ్యాంకును నగరం థియాస్టర్ గేట్స్ అనే కళాకారుడికి ఒక్క డాలరుకు ఇచ్చింది. ఆయన లోపలి పాలరాతిని పలకలుగా కోసి బాండ్లలా అమ్మి, ఆ డబ్బుతో బాగుచేయించారు. నగరం తలుచుకుంటే ఎంత మంచి పని చేయగలదో అక్కడికి వెళ్తే తెలుస్తుంది. జూలైలో జాక్సన్ పార్క్‌లో చోజెన్ ఫ్యూ అనే హౌస్ మ్యూజిక్ పిక్నిక్ జరుగుతుంది. 1990లో అక్కడి సైన్స్ మ్యూజియం వెనక కొన్ని కుటుంబాలు కలిసి భోంచేసిన చోట ఇప్పుడు పదుల వేల మంది. టెంట్లు, బొగ్గుల పొయ్యిలు, మడత కుర్చీల్లో నానమ్మలు. పోయినసారి మా పక్క టెంటు పెద్దాయన, అరవైకి దగ్గర్లో ఉంటారు, చెక్క పలక ఒకటి గడ్డి మీద పరిచి, బేబీ పౌడర్ చల్లి, బూట్లు జారుతుంటే నీళ్ల మీద నడిచినట్టు ఆడారు. మా అబ్బాయి నోరు తెరుచుకుని చూశాడు. 'ఎక్కడ నేర్చుకున్నారు?' అని అడిగాడు. మ్యూజిక్ బాక్స్‌లో అన్నారాయన. తనకప్పుడు పదిహేడేళ్లట.

మా అబ్బాయికి ఇప్పుడు పద్దెనిమిది. వాడు ఎక్కడికి వెళ్లి నేర్చుకోవాలి? క్లబ్‌లు 21 నిండితేనే రానిస్తాయి, ఎందుకంటే అవి మద్యం మీద నడిచేవి. లేట్ అవర్ లైసెన్స్ ఉన్న బార్ మామూలు రోజుల్లో తెల్లవారుజామున 4 దాకా, శనివారం రాత్రయితే 5 దాకా మందు పోయవచ్చు. ఆ మేలుకునే హక్కు మందు పోసేవాడికి ఉండి, నీళ్లు జ్యూసు ఇచ్చి డాన్స్ మాత్రమే పెట్టుకుంటానన్నవాడికి ఎందుకు ఉండకూడదు? పండగలు, పిక్నిక్‌లు పగటిపూట జ్ఞాపకాలు పంచుకోవడానికి బాగుంటాయి. జనం వదిలి వెళ్లిపోయిన పాటను నాలుగోసారి వేసే ధైర్యం చేయడానికి పొద్దున దాకా సమయం ఉన్న చీకటి హాలు కావాలి.

మీరు ఏమంటారో నాకు తెలుసు. భద్రత అంటారు. నిజమే. 2003 ఫిబ్రవరిలో సౌత్ మిషిగన్ అవెన్యూ మీద ఈ2 క్లబ్‌లో తొక్కిసలాట జరిగి 21 మంది చనిపోయారు. ఆ మెట్ల మీద నలిగిపోయినవాళ్లను ఈ మాట రాస్తూ నేను మర్చిపోలేదు. కానీ ఆ అంతస్తు వాడొద్దని అంతకు ముందే కోర్టు చెప్పింది. ఆ మాట అమలు కాలేదు. బయటికి పోయే దారులు, లోపలి జనం లెక్క, తలుపులు ఎటు తెరుచుకుంటాయన్నది, వీటిని ఇన్‌స్పెక్టర్ వచ్చి చూడాలి, గట్టిగా చూడాలి. లైసెన్స్ ఇచ్చిన చోటుకే ఇన్‌స్పెక్టర్ వెళ్లగలడు. లైసెన్స్ దొరకనివాళ్లు గోడౌన్‌లలో దొంగచాటుగా పెట్టుకునే పార్టీలో ఎవరు తలుపులు లెక్కపెడతారు?

చప్పుడు సంగతి కూడా ఉంది. బెర్లిన్ నగరం క్లబ్‌ల సౌండ్‌ప్రూఫింగ్ కోసం పది లక్షల యూరోల నిధి పెట్టింది. ఇంగ్లండ్‌లో 2018 నుంచి, ఉన్న క్లబ్ పక్కన కొత్తగా ఇళ్లు కట్టే బిల్డరే చప్పుడు రాకుండా ఏర్పాట్లు చూసుకోవాలి. ఆమ్‌స్టర్‌డామ్ ఊరి అంచుల్లో కొన్ని చోట్లకు 24 గంటల లైసెన్సులు ఇచ్చింది. వాళ్లంతా ఈ సంగీతాన్ని మన దగ్గర నుంచి తీసుకున్నవాళ్లే.

కాబట్టి నేను అడిగేది ఇది. మద్యం అమ్మని డాన్స్ హాళ్లకు, పద్దెనిమిదేళ్లు నిండినవాళ్లను రానిస్తూ, వారానికి ఒక రాత్రి పొద్దున దాకా నడుపుకోవడానికి ప్రత్యేక లైసెన్స్ పెట్టండి. ఫీజు కుర్రాళ్లు కట్టగలిగేంత ఉండాలి. భయంగా ఉంటే ముందు రెండేళ్లు ప్రయోగంగా చేయండి. ఇండస్ట్రియల్ ఏరియాల్లో, ఇళ్లకు దూరంగా, సౌత్ సైడ్‌లోనూ వెస్ట్ సైడ్‌లోనూ మొదలుపెట్టండి. ఈ పిల్లల తాతలు ఆ వీధుల నుంచే రైలెక్కి వేర్‌హౌస్‌కు వచ్చేవారు. ఫైర్ డిపార్ట్‌మెంట్ వాళ్లు నెలనెలా తనిఖీ చేయాలని షరతు పెట్టండి, నేను సంతోషిస్తాను. కొత్త అపార్ట్‌మెంట్ల అనుమతుల్లో సౌండ్‌ప్రూఫింగ్ బాధ్యత బిల్డర్ మీద పెట్టండి. కమిటీ విచారణకు పిలిచేటప్పుడు లాయర్లనూ బిల్డర్లనూ మాత్రమే పిలవకుండా, అప్పట్లో మ్యూజిక్ బాక్స్‌లో ఆడినవాళ్లను కూడా పిలవండి. ఎయిడ్స్ ఆ హాళ్లలో ఎంతమందిని తీసుకుపోయిందో వాళ్లు చెబుతారు. మిగిలినవాళ్లు ఇప్పుడు అరవైల్లో ఉన్నారు. విచారణ ఇంకో పదేళ్లు వాయిదా వేయకండి.

జెఫర్సన్ స్ట్రీట్ చుట్టుపక్కల ఉంటున్న తెలుగువాళ్లకు కూడా ఒక మాట. మీ వార్డు ప్రతినిధి పేరు నగరం వెబ్‌సైట్‌లో అడ్రస్ కొడితే వస్తుంది. ఫోన్ చేసి, జ్యూస్ బార్ నిబంధన మీద విచారణ పెట్టమని ఒక్క వాక్యం చెప్పండి. వాళ్ల ఆఫీసులో ఎన్ని ఫోన్లు వచ్చాయో లెక్క రాసుకుంటారు.

కమిటీ ఏ రోజు పెట్టినా నేను వస్తాను, మా అబ్బాయినీ తీసుకొస్తాను. మాట్లాడటానికి నాకు ఇచ్చే మూడు నిమిషాల్లో ఒక నిమిషం వాడికిస్తాను.

ఇట్లు,
వెస్ట్ లూప్‌లో ఉంటున్న మీ ఓటరు
షికాగో